ఏకాదశి ఆదివారం కలిసొస్తే

కాలవలు కట్టేశారు. వేసవిలో డెల్టా కాలవలకి నీళ్లు ఆపేసిన మూడో నాలుగో రోజుకి అడుగు బురద తేలుతుంది. గుర్రపుడెక్క ఎండిపోయి, నత్తలు చచ్చి, ఆ నల్లమట్టి మీద ఎండ పడేసరికి వీధంతా ఒక వాసన కమ్మేస్తుంది. జనం కిటికీలు మూసుకుంటారు. చదువుకునే రోజుల్లో, కాకినాడ పక్కన ఉప్పునీటి బురదలో పెరిగే కోరంగి మడ అడవిలో తిరిగినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగిపోతారు. పాటు దిగినప్పుడు, అంటే పోటుకి ఎక్కిన సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, మోకాలి దాకా దిగబడిన కాలు పైకి లాగితే బుడగతోపాటు వచ్చేది ఇంచుమించు ఇదే వాసన.

ఇంచుమించే. మడ బురద వాసన ఇంకా ఘాటు. గాలి అందని ఆ మట్టిలో రాలిన ఆకులు కుళ్లేటప్పుడు సముద్రపు నీటిలో ఉండే సల్ఫేటుని సూక్ష్మజీవులు వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడుని వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. కాలవ నీటిలో అంత సల్ఫేటు ఉండదు కాబట్టి ఇక్కడ అది పలచగా తగులుతుంది. అమ్మాయిలు కాళ్ల పట్టీలు తీయకుండా దిగితే సాయంత్రానికి వెండి నల్లగా అయిపోయేది. హాస్టల్లో విబూదితో రుద్దుకుంటూ కూర్చునేవాళ్లు. రెండోసారికి అందరూ పట్టీలు, ఉంగరాలు తీసి అగ్గిపెట్టెలో దాచి బయల్దేరడం నేర్చుకున్నారు.

వెళ్లేవాళ్లందరూ బోటనీ, జువాలజీ వాళ్లే అనుకోకండి. లెక్కల వాళ్లు, ఇంగ్లీషు ఎమ్మే వాళ్లు, ఇంజనీరింగు పిల్లలు కూడా వచ్చేవారు. పాఠ్యపుస్తకంలో మడ అడవికి ఒక పేజీ ఇచ్చేవారు. మార్కుల కోసం ఎవరూ బురదలో దిగరు. సెలవు దొరికితే సినిమాకి వెళ్లే గుంపు ఒకటి, కోరంగికి వెళ్లే గుంపు ఒకటి. సినిమా గుంపుకి ఆదివారం చాలు. కోరంగి గుంపుకి ఆదివారంతోపాటు తిథి కూడా కుదరాలి.

*

మొదటిసారి వెళ్లిన ఏ బ్యాచ్ అయినా ఈ తప్పు చేసేది. అమావాస్య ఆదివారం వచ్చింది కదా, పాటు బాగా లాగుతుంది, బురదంతా తేలుతుంది అని లెక్క వేసుకుని పడవ రేవుకి చేరేవారు. పడవ నడిపే బాబాయ్ నవ్వేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఓపికగా చెప్పేవాడు.

"అమాసకి రాకండి బాబూ. పొద్దున్న తొమ్మిదింటికి నిండు పోటు. పాటు దిగేసరికి మూడవుద్ది. మళ్లీ నీళ్లెక్కి మనం బయటపడేసరికి సీకటి. ఏకాదశికి రండి."

ఆ లెక్క ఒకసారి పట్టుబడితే జీవితాంతం మరిచిపోరు. అమావాస్యకీ పౌర్ణమికీ మన తీరంలో నిండు పోటు ఉదయం, రాత్రి సుమారు తొమ్మిదింటికి. అక్కణ్ణుంచి ఒక్కో తిథికి రెండేసి ఘడియలు, అంటే 48 నిమిషాలు, ఆలస్యమవుతుంది. ముందు తిథులకైతే అంతంత తగ్గించుకోవాలి. ఏకాదశి అమావాస్యకి నాలుగు తిథుల ముందు. నాలుగు నలభై ఎనిమిదులు మూడు గంటల పన్నెండు నిమిషాలు. తొమ్మిదిలోంచి తీసేస్తే పొద్దున్న ఆరుకి కాస్త ముందు నిండు పోటు. మధ్యాహ్నం పన్నెండుకి పాటు. సాయంత్రం ఆరుకి మళ్లీ పోటు. అంటే తెల్లారి దిగే నీటితోపాటు పడవ లోపలికి జారుతుంది, పట్టపగలు బురద తేలుతుంది, ఎక్కే నీటితోపాటు పడవ రేవుకి తిరిగొస్తుంది. గెడ వేసేవాడికి సగం శ్రమ తప్పుతుంది. దశమి, ద్వాదశి కూడా పనికొస్తాయి. అష్టమి నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకే పాటు వస్తుంది గానీ అప్పుడు నీరు సరిగ్గా లాగదు, లోపలి బురద పూర్తిగా బయటపడదు.

ఇది సముద్రం ఒడ్డు లెక్క. ఏటి లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. గోదావరికి వరద వస్తే లెక్క మొత్తం తప్పుతుంది. పైనుంచి నీరు తోసుకొస్తుంటే పాటు దిగాల్సినంత దిగదు. తూర్పుగాలి గట్టిగా కొట్టినా అంతే.

అందుకే హాస్టల్ గదిలో గోడకి పెద్ద తెలుగు కేలండరు ఉండేది. నెల తిప్పగానే ముందు చూసేది పరీక్షల తేదీ కాదు. దశమి, ఏకాదశి, ద్వాదశుల్లో ఏది ఆదివారం పడిందో చూసి పెన్సిలుతో సున్నా చుట్టేవారు. నెలకి రెండు పక్షాలు ఉన్నా, ఒక్కోసారి రెండు నెలలకి గానీ ఒక మంచి రోజు దొరికేది కాదు. వంట చేసే పెద్దావిడ, ఈ కాలం పిల్లలకి ఏకాదశి మీద ఇంత భక్తేంటా అని ముచ్చటపడిపోయేది. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి అరిటాకుల్లో కట్టి ఇచ్చేది. పులిహోరే ఎందుకంటే సాయంత్రం దాకా పాడవదు, బురద చేత్తో పట్టుకోకుండా ఆకుతోనే తినేయొచ్చు.

ఒక్క అమావాస్య మాత్రం వేరు. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్యకి గోదావరి పాయ తుల్యభాగ చొల్లంగి దగ్గర సముద్రంలో కలిసే చోట స్నానాలకి జనం వచ్చేవారు. ఆ రోజు అడవిలోకి ఎవరూ వెళ్లేవారు కాదు. తాతలు, మామ్మలు ఎద్దుబళ్ల మీద, తర్వాత్తర్వాత ట్రాక్టర్ల మీద దిగేవారు. వాళ్లకి పంచాంగమే తప్ప పోటు లెక్క అక్కర్లేదు. సరిగ్గా స్నానాల వేళకి నీరు నిండుగా ఒడ్డెక్కి ఉండేది.

*

కాకినాడ నుంచి యానాం పోయే తొలి బస్సు. జగన్నాథపురం వంతెన దాటాక ఉప్పుమళ్ల మీద నుంచి చల్లగాలి. సంచిలో ఏమేం ఉండాలో సీనియర్లు జాబితా అప్పజెప్పేవారు. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, ఎందుకంటే అంత నీళ్లమధ్య తాగడానికి ఒక్క చుక్క దొరకదు. వేపనూనె కలిపిన కొబ్బరినూనె సీసా, దోమలకీ చిన్న ఈగలకీ. పెన్సిళ్లు మాత్రమే. పెన్ను సిరా తడికి పాకిపోయి రెండు పేజీల లెక్కలు నీలిమరకలుగా మారాక ఎవరూ పెన్ను తేలేదు. డెట్టాలు, దూది, పాత ధోవతి గుడ్డ.

చెప్పులేసుకుని దిగితే మొదటి అడుగులోనే పోతాయి. గమ్‌బూట్లు ఇంకా ప్రమాదం. వాటిలోకి బురద నిండి కాలు కదలదు, లాగితే కాలు వస్తుంది గానీ బూటు రాదు. వట్టి కాళ్లతో దిగుదామంటే మడ చెట్టు శ్వాసవేళ్లు మేకుల్లా నేలలోంచి నిలబడి ఉంటాయి, వాటి మధ్య విరిగిన ఆల్చిప్పలు ఉంటాయి. చీలమండ దాకా వచ్చే కాన్వాసు హంటర్ బూట్లే సరైనవి. తాడు పైనుంచి రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడేయాలి. కాన్వాసులోంచి నీరు కారిపోతుంది కాబట్టి బరువెక్కవు.

బురదలో నడక కూడా నేర్చుకోవాల్సిన విద్యే. నిలబడితే దిగబడతాం. చిన్న చిన్న అడుగులతో, శ్వాసవేళ్లు దట్టంగా ఉన్నచోటు చూసుకుని నడవాలి. ఆ వేళ్ల అడుగున అల్లుకున్న వేరుపట్టు బరువు మోస్తుంది. మెత్తగా, నున్నగా, అందంగా కనిపించే బోడి బురదే మోసం చేస్తుంది. కాలు ఇరుక్కుంటే నిటారుగా లాగకూడదు. అలా లాగినకొద్దీ కింద గాలి లేని ఖాళీ ఏర్పడి ఇంకా పట్టేస్తుంది. మోకాలు వంచి, కాలి వేళ్లు కిందికి చాచి, పాదాన్ని అటూ ఇటూ తిప్పుతూ పక్క నుంచి నీరు లోపలికి దిగనివ్వాలి. రెండు కాళ్లూ ఇరుక్కుంటే సిగ్గుపడకుండా ముందుకి వాలి పడుకోవాలి. బరువు పరుచుకోగానే కాళ్లు వాటంతటవే తేలతాయి.

పట్టు కోసం చేతికందిన కొమ్మ పట్టుకోవడం అందరికీ వచ్చే అలవాటు. అది తిల్ల చెట్టు కాకూడదు. ఆకు తుంచినా, కొమ్మ విరిగినా తెల్లటి పాలు కారతాయి. ఒంటి మీద పడితే బొబ్బలు, కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోతుంది. కొత్తవాళ్లకి తొలి పాఠం అదే. తిల్ల కింద నిలబడి పైకి చూడకు, ఆ చేత్తో కళ్లు నలుపుకోకు, దాని పుల్లలు పొయ్యిలో పెట్టకు, పొగ కూడా మంటే. పొరపాటున తగిలితే తెచ్చుకున్న మంచినీళ్లన్నీ వాడైనా సరే కడుక్కోవాలి. మూడు లీటర్లలో ఒకటి ఎప్పుడూ మిగల్చమనడం అందుకే.

ఆల్చిప్ప కోసిన గాయాన్ని ఏటి నీటితో కడిగినవాళ్లకి వారం రోజులు చీము పట్టేది. దానికీ ఆ లీటరే.

*

చప్పుళ్లు చెప్పకపోతే ఆ అడవి గురించి ఏమీ చెప్పనట్టే. నీరు దిగేటప్పుడు బురదంతా చిటపటలాడుతుంది, దూరంగా ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు. కన్నాల్లోకి గాలి పోవడం, బుడగలు చిట్లడం, చిన్న రొయ్యలు కొండి కొట్టడం, అన్నీ కలిసిన మోత అది. ఒక పెద్ద కొండితో పీతలు ఊపుతూ పిలుస్తుంటాయి. ఆ పెద్ద కొండి మగవాటికే. మనిషి నీడ పడగానే వందల పీతలు ఒక్కసారి కన్నాల్లోకి దూరతాయి, చప్పుడు టక్కున ఆగుతుంది. కదలకుండా అయిదు నిమిషాలు ఉంటే మళ్లీ ఒక్కొక్కటే పైకొస్తాయి. ఆ అయిదు నిమిషాలు కదలకుండా ఉండటం చాలామందికి చేతకాలేదు. చేతనైనవాళ్లు నీటికుక్కల్ని చూశారు. ఒడ్డున బురదలో జారుకుంటూ నీళ్లలోకి దిగి, చేపని నోట కరుచుకుని తల పైకెత్తేవి. బావురుపిల్లి మాత్రం ఎక్కువమందికి అడుగుజాడగానే తెలుసు.

*

పడవ పిల్లకాలవల్లోకి తిరిగినప్పుడే అసలు కష్టాలు. గాడేరు లాంటి పెద్ద పాయలో పాటు దిగినా పడవ తేలుతుంది. అందులోంచి చీలే సన్న కాలవలు అలా కాదు. సగం పాటుకే అడుగు తేలిపోతుంది. "ఇంకో పది నిమిషాలు, ఆ వంపు దాకా" అని బతిమాలి లోపలికి పోనిచ్చిన ప్రతిసారీ పడవ బురద మీద కూర్చుంది. దిగి తోయడం కుదరదు, తోసేవాడు నడుము దాకా దిగిపోతాడు. నీళ్లెక్కేదాకా కూర్చోవడమే. అందుకే పద్ధతి ఏమిటంటే, పాటులో పెద్ద పాయ ఒడ్డున లంగరేసి కాలినడకన లోపలికి పోవడం, పోటు సగం ఎక్కాకే పిల్లకాలవలోకి పడవ తిప్పడం. ఎక్కే నీటిలో ఆనుకున్న పడవ పావుగంటలో తేలుతుంది. దిగే నీటిలో ఆనుకున్నది ఆరేడు గంటలు లేవదు.

పక్షుల వాళ్లతో ఎప్పుడూ పేచీ. చెట్ల వాళ్లకి పాటు కావాలి, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లకి పోటు కావాలి. పాటులో ఉల్లంకి పిట్టలు మైళ్ల బురద మీద చెల్లాచెదురుగా మేస్తుంటే లెక్క తేలదు. పోటు ఎక్కి బురద మునిగితే అన్నీ ఒక ఇసుక తిన్నె మీదకి చేరతాయి, పది చొప్పున గుంపులు కట్టి లెక్కేసుకోవచ్చు. ఒకే పడవ అద్దెకి తీసుకుని రెండు గుంపులూ వెళ్లిన రోజున సగం దారి వాదనతోనే గడిచేది.

*

చెట్లు కొలవడం చూస్తే తేలికే అనిపిస్తుంది. ఏటి ఒడ్డు నుంచి లోపలికి నిలువుగా ఒక తాడు కట్టి, దాని వెంట పది మీటర్లకి పది మీటర్ల గడులు వేసి, గడిలో ఉన్న ప్రతి చెట్టు పేరు, చుట్టుకొలత రాయాలి. మొదట్లో కొబ్బరి తాడుతో గడి వేశారు. తడిసిన కొబ్బరి తాడు ఉబ్బి పొట్టిదవుతుంది. పొద్దున్న పది మీటర్లున్నది మధ్యాహ్నానికి తగ్గింది, చదరం వంకరపోయింది. ప్లాస్టిక్ తాడుకి మారాక కూడా మూల నుంచి మూలకి కొలిచి చూడమనేవారు. పద్నాలుగు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు రావాలి. రాకపోతే మూల మట్టం కుదరలేదన్నమాట. టైలరు గుడ్డ టేపు కూడా తడిస్తే సాగుతుంది. ఫైబరు టేపే నమ్మకం.

చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తీయాలి, ఛాతీ ఎత్తు అంటారు. నల్లమడ, తెల్లమడల దగ్గర అది కుదురుతుంది. మొదట్లోనే రెండు మూడు మానులుగా చీలితే ఒక్కోదాన్ని వేరుగా కొలవాలి. పొన్న అనే మరో మడజాతి చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ ఎత్తులో మానే ఉండదు, గొడుగు ఊచల్లా దిగిన ఊతవేళ్లే ఉంటాయి. అక్కడ అన్నిటికంటే పైన ఉన్న ఊతవేరు మొదలుకి 30 సెంటీమీటర్ల పైన కొలవాలి. కొలిచిన చెట్టుకి సుద్దముక్కతో గీత పెట్టకపోతే ఇద్దరు రెండుసార్లు లెక్కేస్తారు. తడి బెరడు మీద సుద్ద పట్టదు. ధోవతి గుడ్డ పనికొచ్చేది అక్కడే, తుడిచి గీయడానికి.

ఒక వరస పూర్తిచేస్తే అడవి వరస తెలిసేది. కొత్తగా పడిన ఒండ్రు మీద ఏటి అంచున సోనరేషియా, గుగ్గిలం అనే మడజాతి చెట్లు, ముళ్ల ఆకుల ఆల్చి పొదలు. వెనక మడలు. ఇంకా లోపల, పోటు ఎప్పుడో గానీ చేరని గట్టి నేల మీద తిల్ల. ఎందుకలా అంటే చెట్టుకి ఎంతసేపు నీరు నిలబడుతుంది, ఎంత ఉప్పు తగులుతుంది అన్నదాన్ని బట్టి. తెల్లమడ ఆకు నాలిక్కి ఆనించి చూస్తే ఉప్పగా తగులుతుంది. లోపలికి పీల్చిన ఉప్పుని ఆకు మీద గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. పొన్న వేరు దగ్గరే చాలా ఉప్పుని ఆపేస్తుంది. దాని ఆకు నాకి ఏమీ లేదని పెదవి విరిచేవారు పిల్లలు.

ఉప్పు కొలిచే చిన్న దుర్బిణీ లాంటి పరికరం ఉండేది. ఒక చుక్క వేసి వెలుతురుకి పెట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. సముద్రానికి వెయ్యికి 35 పాళ్లు. మే నెలలో, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి చుక్క దిగనప్పుడు, పాయల్లోని నీరు ఆ దరిదాపులకి పోయేది. అదే పాయలో శ్రావణంలో ఎర్రనీరు దిగాక అంకె సున్నా దగ్గరికి పడిపోయేది. పరికరం చెడిందని కొత్తవాళ్లు మూడుసార్లు తుడిచి చూసుకునేవారు. ఒకే చెట్టు ఏడాదిలో ఆ రెండు నీళ్లూ తాగి బతుకుతుంది. ఈ అడవిలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా అబ్బురం అదే.

*

కోసిన కొమ్మల్ని పేపర్లలో పెట్టి అదిమి ఎండబెట్టడం మామూలు మొక్కలకైతే వారం పని. మడ ఆకులు దళసరి, పైగా ఉప్పు. ఉప్పు గాల్లో తేమని లాగుతుంది, కాగితం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, మూడో రోజుకి బూజు. కోసిన సాయంత్రమే మంచినీటిలో ముంచి తీసి, గుడ్డతో అద్ది, మొదటి నాలుగు రోజులు రోజుకి రెండుసార్లు కాగితాలు మార్చాలి. హాస్టల్లో దినపత్రికల కొరత వచ్చేది ఆ వారంలోనే. మంచాల కోళ్ల కింద, ట్రంకు పెట్టెల కింద, అన్నిచోట్లా మడ ఆకులే.

*

హోప్ ఐలాండ్‌కి పోయేది మాఘమాసం చలిలో. కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలబడ్డ ఆ ఇసుక తిన్నె గోదావరి తెచ్చి పోసినదే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఎక్కేవి. టార్చిలైటు అద్దానికి ఎర్ర కాగితం చుట్టాలి, తెల్ల వెలుతురు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గొయ్యి తవ్వేటప్పుడు ఎదురుగా పోకూడదు, వెనక నుంచి పాక్కుంటూ పోవాలి. గుడ్లు రాలడం మొదలయ్యాక అది ఇక కదలదు.

*

కోరంగి ఒకప్పుడు ఓడల ఊరని అక్కడ తిరిగితే నమ్మబుద్ధి కాదు. ఇక్కణ్ణుంచి ఓడలెక్కి పోయిన తెలుగువాళ్లని బర్మాలో కొరంగీలనే పిలిచారు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన ఊడ్చేశాక ఆ రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు. 1996 నవంబరు తుపాను తర్వాత మడ ఎందుకు నిలబెట్టాలో ఇక్కడ ఎవరికీ ఉపన్యాసం చెప్పాల్సిన పని లేకపోయింది. 1978లోనే 235.70 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. అంతకుముందు వంటచెరకుకి కొట్టిన చోట్లు మాత్రం బట్టతలలా మిగిలిపోయాయి.

ఆ బోడి నేలల సంగతి పిల్లలు చేతులతో నేర్చుకున్నారు. చెట్టు పోయిన చోట ఎండకి మట్టి ఎండి కుంగుతుంది, నేల పళ్లెంలా పల్లమవుతుంది. పెద్ద పోటుకి వచ్చిన నీరు తిరిగి పోలేక అందులో నిలుస్తుంది, ఎండకి ఇగురుతుంది, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ విత్తనం పడినా మాడిపోతుంది. 1990ల చివర్లో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ మత్స్యకారుల ఊళ్లతో కలిసి ఇలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాయి. ఏటి నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలవలు. పోటు లోపలికి వచ్చి, పాటుకి మొత్తం బయటికి పోతే ఉప్పు కడుక్కుపోతుంది. మొక్క నాటేది గట్టు మీద కాదు, కాలవ అడుగునా కాదు, వాలులో సగం ఎత్తున. గట్టు మీద పెడితే నీరందదు, అడుగున పెడితే మునిగి చస్తుంది. ఏటా పూడిక తీయకపోతే కాలవ మూసుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది. సెలవులకి ఇంటికి పోకుండా పూడిక తీయడానికి పలుగు పట్టిన వాళ్లున్నారు.

నారు పని ఆడపిల్లలకి బాగా పట్టుబడింది. పొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది. కాయకీ మొలకకీ మధ్య పసుపుపచ్చ పట్టీ కనిపిస్తేనే పక్వానికి వచ్చినట్టు. వేలితో తాకితే ఊడిరావాలి. లాగితే వచ్చేది పచ్చిది, అది నాటినా కుళ్లుతుంది. మూడోవంతు మాత్రమే బురదలో గుచ్చాలి, తలకిందులు కాకుండా. మడ గింజలైతే ఒక రాత్రి నీళ్లలో వేస్తే పై తొక్క జారిపోతుంది. తెల్లారి వాటిని సంచిలో మట్టి మీద అలా ఆనించి కొంచెం అదమాలి, పూడ్చకూడదు. నారుమడి పోటు తగిలే చోటే ఉంటుంది, రోజూ సముద్రమే నీళ్లు పోస్తుంది. పీతలు లేత కాడలు కొరికేస్తాయని చుట్టూ పాత వల కట్టేవారు. ఊళ్లో గేదెల్ని ఆపడం మాత్రం వలతో అయ్యే పని కాదు, మడ ఆకంటే వాటికి ప్రాణం.

సాయంత్రం చొల్లంగి దగ్గర బోరింగు పంపు కింద ఒకరు కొడుతుంటే ఒకరు కడుక్కోవడం. బూట్లని ముందు బురద ఆరకుండానే కడగాలి, ఆరితే కాన్వాసులో ఉప్పు పట్టి కుట్లు తెగిపోతాయి. లోపల దినపత్రిక ఉండలు చుట్టి కుక్కి నీడలో పెట్టాలి. ఎంత కడిగినా వాసన పోదు. యానాం నుంచి వచ్చే బస్సు కండక్టరుకి ఈ గుంపు బాగా తెలుసు. "ఏకాదశోళ్లు వచ్చారు, ఎనక్కి పొండెహె, ఆ కిటికీలు తీసుకోండి" అని టిక్కెట్లు కొట్టడం మొదలెట్టేవాడు.